శ్రుతి కుదిర్చిన పాత లాప్‌టాప్

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగినవారికి మొట్టమొదట కనిపించేవి బోర్డులు. ఫలానా కంప్యూటరు విద్య నలభై అయిదు రోజుల్లో నేర్పుతామని ఒకటి, భోజన వసతులతో కూడిన హాస్టలని ఇంకొకటి, చేరినవారికి ఉద్యోగం ఖాయమని మరొకటి. నల్లగొండ నుంచీ, ఖమ్మం నుంచీ, సూర్యాపేట నుంచీ వచ్చిన కుర్రవాళ్లు భుజాన సంచులతో ఆ బోర్డుల కిందుగా నడిచిపోతూ వుంటారు. ఆ సంచిలో రెండు జతల బట్టలున్నా లేకపోయినా, లాప్‌టాప్ మాత్రం తప్పకుండా వుంటుంది.

మా వీథి చివరి హాస్టల్లో అటువంటి కుర్రవాడొకడున్నాడు. కిందటి వేసవిలో అతను తన లాప్‌టాప్‌ను అమ్మేద్దామని బయలుదేరాడు. అది 2009లో తయారైనది. మేనమామ వాడగా వాడగా మిగిలి అతని చేతికొచ్చింది. మీట నొక్కి, పళ్లు తోముకుని, కాఫీ తాగి వస్తే గాని తెర మీద బొమ్మ పడేది కాదట. "దీంతో మా పాఠాలు సాగవు, కొత్తది కొనుక్కో" అన్నారు చదువు చెప్పేచోట. పాత సామాన్ల దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు పూటల భోజనానికి సరిపోయే ధర చెప్పాడు. కుర్రవాడికి రోషం వచ్చింది. లాప్‌టాప్‌ను మళ్లీ సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చాడు.

ఆ రోషం మంచిదే అయింది. ఆ లాప్‌టాప్ సాయంతో ఈనాడు పియానోలకు శ్రుతి జరుగుతున్నది. దానివల్ల ఒక పెద్దమనిషికి, పోయిందనుకున్న వృత్తి తిరిగి దక్కింది. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

పియానో వున్న ఇల్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి మూడవ స్టేషనే ఎల్.బి. నగర్. అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా రైలు నడవడం 2018 సెప్టెంబరు 24న మొదలైంది. అంతకు పూర్వం ఈ దారి ఎంత నరకమో తెలిసినవారికి తెలుసు. ఎల్.బి. నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. విజయవాడ వెళ్లే బస్సులకు ఊరు దాటే గుమ్మం వంటిది. అక్కడ పియానో వుంటుందని ఎవరూ అనుకోరు. మనలో చాలామందికి పియానో అంటే పాత సినిమాలో నాయకుడు కోటు తొడుక్కుని, నాయిక వేరొకరి పక్కన నిలబడి వుండగా, విషాదంగా పాడుకునే సాధనం.

కాని ఒక కాలనీలో, డాబా ఇంట్లో, ముందు గదిలో గోడకు ఆనించిన నిలువు పియానో ఒకటి వున్నది. ఇంటావిడ సికిందరాబాదులో ముప్ఫై ఏళ్లు సంగీతం నేర్పి విరమించారు. వీథి పిల్లలు ఆమెను టీచరమ్మగారంటారు. పియానో ఆమె తండ్రిగారిది. రెండేళ్లుగా దానికి శ్రుతి చేసే దిక్కులేదు. కొడుకు విదేశం నుంచి ఫోను చేసినప్పుడల్లా "అమ్మా, ఆ చెక్కపెట్టె తీసెయ్యి, ఒక మంచి కీబోర్డు పంపిస్తాను" అంటున్నాడు. ఆమె "ఈ వర్షాకాలం పోనీయరా" అని వాయిదా వేస్తున్నారు.

శ్రుతి చేసేవారు లేరా అంటే వున్నారు. చైతన్యపురిలోనే, కూతురింట్లో వున్నారు. 78 ఏళ్లవారు. సికిందరాబాదు చర్చిలలో, బడులలో నలభై ఏళ్లకు పైగా పియానోలు సరిచేసిన చేయి. కాని రెండేళ్ల క్రితం ఒకచోట పని ముగించి లేస్తుండగా, వాయించే అమ్మాయి వచ్చి, "తాతగారూ, పైనున్న స్వరాలు కలవలేదండీ" అన్నది. ఆయన మళ్లీ విన్నారు. ఆయనకు బాగానే వున్నది. ఇంకొకరిని పిలిచి వినిపించారు. వారూ కలవలేదన్నారు. ఆయన మారు మాట్లాడకుండా డబ్బు తిరిగి ఇచ్చి, ఇంటికి వచ్చి, పనిముట్ల సంచిని అటక మీద పెట్టేశారు.

వయసు మీద పడ్డప్పుడు చెవి కింది నుంచి మూసుకుపోదు, పైనుంచి మూసుకుపోతుంది. మాటలు బాగానే వినిపిస్తాయి. సన్నని శబ్దాలు ముందుగా సెలవు పుచ్చుకుంటాయి. పియానోలో చిట్టచివరి మెట్టు సెకనుకు 4,186 సార్లు కంపిస్తుంది. దాని అనుస్వరాలు అంతకు రెట్టింపు, మూడు రెట్లు. ఆ మేడ మీది గదులకు ఆయన చెవి ఇక ఎక్కలేకపోయింది.

ఇరవై టన్నుల బిగువు

వీణకు శ్రుతి చేయడం మనం చూశాం. ఏడు తీగలు, ఏడు బిరడాలు. పియానోకు 88 మెట్లు, వాటి వెనుక రమారమి 230 తీగలు. మధ్య భాగంలోనూ పైభాగంలోనూ ఒక్కొక్క మెట్టుకు మూడేసి తీగలు. అన్నీ కలిసి ఇనుప చట్రాన్ని లాగే బలం పదిహేను నుంచి ఇరవై టన్నులు. ఒక్కొక్క బిరడాను లీవరుతో వెంట్రుకవాసి తిప్పాలి. ఎక్కువ తిప్పితే తీగ తెగుతుంది. తక్కువ తిప్పితే రేపటికి జారిపోతుంది.

మరి ఎంత తిప్పాలి? మధ్యనున్న 'ఎ' అనే స్వరం సెకనుకు 440 కంపనాలు అని 1939లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశం తేల్చింది. అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టుకూ 1.05946 చొప్పున హెచ్చించుకుంటూ పోతే పన్నెండవ మెట్టుకు సరిగ్గా రెట్టింపవుతుంది. రెండు మెట్ల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి సెంటు అని పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన అలెగ్జాండర్ ఎల్లిస్. 1885 నాటి మాట. మంచి ట్యూనరు ఒకటి రెండు సెంట్ల తేడాను పట్టుకుంటాడు.

పట్టుకునేది ఎలాగంటే, అలలతో. 440, 442 కంపనాలు గల రెండు తీగలు కలిసి మోగితే శబ్దం సెకనుకు రెండుసార్లు లేచి పడుతుంది. వీటిని పాఠ్యపుస్తకాలలో విస్పందనాలంటారు. మన తాతగారు అలలంటారు. పాత ట్యూనర్లు ఈ అలలు లెక్కపెట్టే పియానో మొత్తం కుదిర్చేవారు.

ఇందులో ఇంకొక చిక్కు వున్నది. పియానో తీగ ఉక్కుది, బిరుసైనది. ఆ బిరుసు వల్ల దాని అనుస్వరాలు లెక్క ప్రకారం రెండింతలు, మూడింతలు కాకుండా, కొద్దిగా పైకి జరిగి పలుకుతాయి. అంచేత లెక్క ప్రకారం శ్రుతి చేసిన పియానో చెవికి ఇంపుగా వుండదు. పై స్వరాలను మరికాస్త పైకి, కింది స్వరాలను మరికాస్త కిందికి సాగదీయాలి. మంచి ట్యూనర్లు ఇది తెలియకుండానే చేస్తున్నారని 1938లో రైల్స్‌బ్యాక్ అనే అమెరికను శాస్త్రవేత్త కొలిచి చూపించాడు. ఎంత సాగదీయాలన్నది పియానో పియానోకూ మారుతుంది. గిటారు కోసం ఫోనులో పెట్టుకునే చిన్న ప్రోగ్రాములు ఇక్కడ చేతులెత్తేసేది ఇందుకే.

నిదానానికి నిదానమే మందు

కుర్రవాడికి పియానో సంగతి ఏమీ తెలియదు. మా వీథి మొగలోని టీకొట్టు దగ్గర తాతగారితో మాట కలిసింది. ఆయన చెవి సంగతి విని, "తాతగారూ, వినే పని కంప్యూటరు చేస్తుంది కదండీ" అన్నాడు. ఆయన నవ్వి, "నీ కంప్యూటరు లేవడానికే ముప్పావు గంట పడుతుందటగా బాబూ" అన్నారు.

ఇక్కడే అసలు కిటుకు వున్నది. సెకనుకు అర అల లేచే తేడాను వినాలంటే రెండు సెకన్లు ఆగి వినవలసిందే. చెవికైనా అంతే, యంత్రానికైనా అంతే. లక్ష రూపాయల కొత్త యంత్రమైనా ఆ తీగ రెండు సెకన్లు మోగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. తీగ తొందరపడదు.

ఇక లెక్క సంగతి. కంప్యూటరు శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా కోసుకుంటుంది. ఒకటిన్నర సెకను వింటే దాదాపు 65,536 ముక్కలు. అందులో ఏయే స్వరాలున్నాయో మొరటుగా లెక్కవేస్తే 429 కోట్ల గుణకారాలు. 1965లో కూలీ, ట్యూకీ అనే ఇద్దరు అమెరికన్లు ప్రచురించిన అడ్డదారిలో వెళ్తే సుమారు పదిన్నర లక్షలతో సరి. సెకనుకు వంద కోట్లకు పైగా అడుగులు వేయగల 2009 నాటి యంత్రానికి ఇదొక లెక్కలోనిది కాదు. దాన్ని నీరసపరుస్తున్నది శ్రుతి లెక్క కాదు, నెత్తిన మోస్తున్న ఇతర బరువులు.

కుర్రవాడు మొదట ఆ బరువులు దింపాడు. దానిలో వున్న విండోస్ 7కు కంపెనీ సహాయం 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. అది తీసివేసి, పాత యంత్రాలకు అనువైన తేలిక రకం లినక్స్ వేశాడు. ఉచితమే. (విండోస్ 10కు కూడా మామూలు సహాయం 2025 అక్టోబరు 14న ముగిసింది గనుక, పాత సామాన్ల కొట్లకు చేరబోయే లాప్‌టాప్‌లు ఇకముందు ఇంకా ఎక్కువ.) తిరిగే డిస్కు తీసి, శబ్దం లేని కొత్తరకం డిస్కు ఒకటి చిన్నది అమర్చాడు. లోపలి ఫానులో పేరుకున్న దుమ్ము దులిపాడు. ముప్పావు గంటన్న అపవాదు నిమిషానికి తగ్గింది.

ప్రోగ్రాము కోసం వెతికాడు. ట్యూనర్లు డబ్బిచ్చి కొనుక్కునేవి ట్యూన్‌ల్యాబ్ వంటివి వున్నాయి. అతని దగ్గర డబ్బు లేదు గనుక ఎంట్రోపీ పియానో ట్యూనర్ అనేదాన్ని ఎంచుకున్నాడు. జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే హాయె హిన్‌రిక్సెన్ ఆలోచన అది. 2012లో ఆయన దీన్ని గురించి పత్రం ప్రచురించాడు. ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు. ముందుగా 88 మెట్లనూ ఒక్కొక్కటిగా వాయించి వినిపించాలి. ఆ తరువాత అది ప్రతి స్వరాన్నీ కాస్త పైకీ కిందికీ జరిపి చూస్తుంది; అన్ని అనుస్వరాలూ ఒకదానిపై ఒకటి సర్దుకుని గందరగోళం తగ్గితే ఆ మార్పును వుంచుకుంటుంది, లేకపోతే వదిలేస్తుంది. అలా వేలసార్లు. పాత లాప్‌టాప్ నిజంగా రొప్పేది ఈ ఒక్కచోటనే. అప్పుడు టీ తాగి రావచ్చు.

ఒకటికి ఒకటి

ఏప్రిల్ నెల. ఎల్.బి. నగర్ ఇంట్లో ముగ్గురూ చేరారు; నేను వినోదం చూడడానికి వెళ్లాను. తాతగారు అటక మీది సంచి దింపి తెచ్చారు గాని, ఆయన ముఖంలో నమ్మకం లేదు.

పియానో దిగజారిపోయి వున్నది. 440 వుండవలసినచోట 428. ఒక్కసారిగా పైకి లాగితే అవతలి తీగలు మళ్లీ జారతాయి. అందుకని మొదటి రోజు మొత్తం తీగలను మోటుగా పైకి తెచ్చి, వారం ఆగి అసలు పని మొదలుపెట్టారు.

తొలి తగవు శ్రుతిదండం దగ్గర వచ్చింది. తాతగారు తన ఉక్కు ఫోర్కును మోకాటికి కొట్టి పట్టుకోగా, తెర మీద 439 అని పడింది.

"నలభై ఏళ్ల ఫోర్కు బాబూ ఇది! అబద్ధం చెబుతుందా?"

కుర్రవాడు భయపడ్డాడు. కాని యంత్రం మాట నిజమే. ఉక్కు ఫోర్కు వేడెక్కిన కొద్దీ మెత్తబడుతుంది. ఒక్కొక్క డిగ్రీకి పదివేలలో ఒక వంతుకు పైగా స్వరం దిగుతుంది. చలిదేశంలో ఇరవై డిగ్రీల దగ్గర సరిచూసిన ఫోర్కు మన నలభై డిగ్రీల ఎండలో దాదాపు ఒక కంపనం తక్కువ పలుకుతుంది. లాప్‌టాప్‌లో కాలాన్ని కొలిచేది స్ఫటికం. అది పదివేలకు ఒక వంతు తప్పినా, ఆ తప్పు సెంటులో ఆరవ వంతు. మనిషి చెవికి అందదు. తాతగారు ఫోర్కును గుడ్డలో చుట్టి, "అయితే వేసవిలో నేను చేసిన పియానోలన్నీ కాస్త దిగువనే వున్నాయన్నమాట" అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండవ తగవులో ఆయన గెలిచారు. కింది స్వరాలలో 'జి' దగ్గరకు వచ్చారు. తీగ గట్టిగా మోగుతున్నంతసేపూ తెర మీద ముల్లు నడిమధ్యనే వున్నది. శబ్దం సన్నగిల్లగానే పైకి జరిగింది. "ఎక్కువైంది తాతగారూ, కొంచెం దించండి" అన్నాడు కుర్రవాడు. ఆయన లీవరు మీద చేయి తీశారు.

"దించను. తీగ బాగానే వుంది. నీ యంత్రం ఇంకేదో వింటున్నది."

మళ్లీ కొట్టారు. మళ్లీ అంతే. ఆయన తలెత్తి పైకి చూసి, "టీచరమ్మగారూ, ఆ ఫాను ఒక్కసారి ఆపండి" అన్నారు. ఫాను ఆగింది. ముల్లు కుదురుగా నిలిచింది!

చదువరులు ఈ సంగతి గుర్తుంచుకోదగినది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ వస్తుంది. ఫానూ, చార్జరూ 50, 100, 150 లెక్కన సన్నగా గునుస్తూ వుంటాయి. ఆ 'జి' స్వరానికి 49. దాని పై 'జి'కి 98. రెండింటికీ దూరం 35 సెంట్లు. తీగ గొంతు తగ్గగానే యంత్రం ఫాను మాట వినడం మొదలుపెట్టింది. ఆ గునుపును మనిషి చెవి ఏనాడో వినడం మానేసింది. అది ఎవరి గొంతో పోల్చుకునే నేర్పు తాతగారికి వున్నది, యంత్రానికి లేదు.

ఆ తరువాత పని అంతా ఫాను లేకుండానే సాగింది. చెమటలు కారుతున్నాయి. చార్జరు తీసేద్దామంటే పాత బ్యాటరీ ఇరవై నిమిషాలకు మించి నిలవదు. పని మూడు గంటలది. అందుకని చార్జరును భూమి తీగ సరిగా వున్న మూడు కాళ్ల ప్లగ్గులో పెట్టి, తీగ గల చిన్న మైకును లాప్‌టాప్‌కు దూరంగా, పియానో దగ్గరగా వుంచారు.

పాత లాప్‌టాప్‌తో ఈ పని చేయదలచినవారికి కుర్రవాడు చెప్పే జాగ్రత్తలు ఇంకా మూడున్నాయి. ఇంటర్నెట్టుతో సహా మిగిలిన ప్రోగ్రాములన్నీ మూసివేయాలి. లేకపోతే శబ్దపు ముక్కలు మధ్యమధ్య జారిపోయి ముల్లు ఎగిరెగిరి పడుతుంది. కరెంటు పొదుపు ఏర్పాటు తీసివేయాలి; అది యంత్రాన్ని జోకొడుతుంది. మైకుకు గోల తగ్గించే సదుపాయం వుంటే ముందుగా దాన్ని ఆపాలి; ఆగకుండా మోగే తీగను అది గోల అనుకుని నొక్కివేస్తుంది.

చివరి మాట ఎవరిది?

పై స్వరాలకు వచ్చారు. రెండేళ్ల నాడు పరువు పోయిన చోటు. తాతగారు ఒక్కొక్క మెట్టు కొట్టి, తెర వైపు చూసి, బిరడా తిప్పారు. చెవికి తెలియని దానిని కంటితో చూశారు. ముల్లు నిలబడగానే లీవరును ఒకసారి వెనక్కి నొక్కి, బిరడాను చెక్కలో కుదురుకోనిచ్చారు. ఆ నొక్కు ఏ ప్రోగ్రామూ నేర్పదు. అది మణికట్టు విద్య. చెవి వెనుకబడినా ఆయన చేయి ఏమాత్రం వెనుకబడలేదు.

ఒక స్వరానికి మూడు తీగలుంటాయన్నాను కదా. మొదటి తీగను యంత్రం చెప్పినట్టు నిలిపి, మిగిలిన రెండింటినీ దానితో కలపడం చెవితోనే చక్కగా కుదురుతుంది. కింది స్వరాలలో ఆ పని తాతగారు చేశారు. పైవాటికి కుర్రవాణ్ణి పిలిచారు. "అలలు వింటున్నావా? నేను తిప్పుతుంటాను. అల ఆగిన చోట ఆగమను" అన్నారు. మొదట అతనికేమీ తెలియలేదు. నాలుగైదు తీగలయ్యాక ఒక్కసారిగా "ఆగండి ఆగండి!" అని అరిచాడు. తాతగారు నవ్వడం ఆ రోజు నేను మొదటిసారి చూశాను.

పని ముగిసేసరికి దీపాలు పెట్టే వేళయింది. టీచరమ్మగారు కూర్చుని, మొదట ఒక్కొక్క స్వరం, తరువాత రెండు చేతులతో వాయించారు. పక్కింటి పిల్లలు కిటికీ దగ్గర చేరారు. వాయించడం ఆపి ఆమె వెనక్కి తిరిగి, "మాస్టారూ, పైన కూడా కలిసింది" అన్నారు. తాతగారు తల వంచుకుని పనిముట్లు సర్దుకోవడంలో మునిగిపోయారు.

అది జరిగి ఏడాది దాటింది. వర్షాకాలం గడిచాక పియానో మళ్లీ కొంచెం మారింది. చెక్క తేమకు ఉబ్బితే స్వరం పెరుగుతుంది, ఆరితే తగ్గుతుంది, మన ఊళ్లో అది తప్పదు. మళ్లీ వెళ్లి సరిచేశారు. కీబోర్డు పంపిస్తానన్న కొడుకు సెలవులకు వచ్చి, తల్లి వాయిస్తుంటే పక్కన నిలబడి విని, ఇక ఆ మాట ఎత్తలేదట.

నెలకు ఒకటి రెండుసార్లు తాతగారూ కుర్రవాడూ కలిసి మెట్రోలో ఎం.జి.బి.ఎస్. దాకా వెళ్లి, అక్కడ రైలు మారి, సికిందరాబాదు వెళ్తుంటారు. ఒకరి భుజాన లీవర్ల సంచి, ఇంకొకరి భుజాన లాప్‌టాప్. కుర్రవాడికి ఈమధ్య చిన్న ఉద్యోగం దొరికింది. ఆఫీసువారు కొత్త లాప్‌టాప్ ఇచ్చారు.

"పాతది అమ్మేశావా?" అని అడిగాను.

"అది తాతగారిదండీ ఇప్పుడు. నేను మోస్తున్నానంతే" అన్నాడు.